గంటల తలుపు

సుమిత్ర స్నానం చేసి, తడి జుట్టుకు తువ్వాల చుట్టుకుని పూజగదిలోకి వెళ్ళేసరికి మిర్యాలగూడ ఇంకా సగం నిద్రలో ఉంటుంది. మిల్లుల దిక్కు నుంచి ఊక వాసన మాత్రం అప్పటికే లేచి తిరుగుతుంటుంది. ఆమె కుందుల్లో నూనె పోసి, వత్తి ఎగదోసి, వాసవీమాత పటం ముందు దీపం వెలిగిస్తుంది. కళ్ళు మూసుకుని ఇంట్లో అందరి పేర్లూ ఒక్కొక్కటే అమ్మవారికి అప్పజెబుతుంది. భర్త వెంకటేశ్వర్లు, కొడుకు నగేష్, కోడలు నిత్య, ఆ తర్వాత తమ రైస్ మిల్లులో పనిచేసే హమాలీలు కూడా. తన పేరు ఆ వరుసలో ఎప్పుడూ ఉండదు. తర్వాత గడప ఇవతలికి వచ్చి తలుపు దగ్గరికి వేస్తుంది.

ఆ తలుపుది పాత టేకు కర్ర. రెండు రెక్కలు. గళ్ళు గళ్ళుగా చెక్కి, గడికొక ఇత్తడి గంట కట్టారు. దీపం వెలిగిన కాసేపటికి రెక్కలు రెండూ గోరంత దూరం విడివడి మళ్ళీ కలుసుకోవడం మొదలుపెడతాయి. విడివడినప్పుడల్లా గంటలు గల్లుమంటాయి. అది ఆ ఇంటి గుండె చప్పుడు. కొందరి బావిలో నీళ్ళు తియ్యగా ఉంటాయి, కొందరి పెరట్లో కరివేపాకు ఏపుగా పెరుగుతుంది, వీళ్ళ తలుపు కొట్టుకుంటుంది. ఎలుకల భయానికి పగలంతా గొళ్లెం వేసి ఉంచేవాళ్ళు. గొళ్లెం పడ్డాక రెక్కలు కదలవు, గంటలు మాత్రం వినీ వినబడనట్టు ఆడుతుంటాయి. ఆ చప్పుడులోనే వంటలు, చదువులు, అలకలు అన్నీ జరిగిపోయాయి.

పోయిన వానాకాలం నుంచి గొళ్లెం పడడం మానేసింది.

కుడిరెక్క వచ్చేస్తుంది. ఎడమరెక్క రాదు. ఒక్క క్షణం ఆలస్యంగా, నీరసంగా, ఎవరో వెనక నుంచి నెట్టినట్టు వస్తుంది. అప్పటికి కుడిరెక్క వెళ్ళిపోతూ ఉంటుంది. గొళ్లెం కొండీని అందుకోలేక గాలిలో ఊగుతుంది. గల్లున ఒక్కసారి మోగాల్సిన గంటలు రెండుసార్లు మోగుతాయి.

ముందు వడ్రంగి చిరంజీవిని పిలిపించారు. అతను మడతబందులు తట్టి చూశాడు, దారం పట్టి కొలిచాడు, చెవి ఆనించి విన్నాడు.

"తల్పుకేం కాలేదు సేటూ. కర్ర నా కన్న గట్టిగున్నది. జర గుండె సూపించుకోరి," అని ఉలి, రందా సంచీలో పెట్టుకుని, చాయ్ తాగి పోయాడు.

ఇంటి యజమాని గుండె అది. ఆ ఇంట్లో తరాలుగా చెప్పుకునే మాట అదే. అత్తగారు వీరమ్మ ఈ తలుపు సంగతి సుమిత్రకు కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పింది. "మీ మామ గుండె అది. నిద్రల గూడ నాకు ఇనబడతది," అని మురిసిపోయేది. అదే వీరమ్మ ఒక పొద్దున పొయ్యి దగ్గర పాలగిన్నె పట్టుకుని ఒరిగిపోయింది. ఆ క్షణమే తలుపు ఆగిపోయింది, రెక్కలు రెండూ విడివడి, మధ్యలోంచి దీపం కనబడేలా. ఆమె పెద్దకర్మ కాకముందే మామగారు కూడా కన్నుమూశారు. తలుపుకు ముందే తెలిసింది, ఆయన సావు ముందే చెప్పింది అనుకున్నారు అందరూ. సుమిత్ర కూడా అలాగే నమ్మింది. ఇంట్లో పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వచ్చిన వాళ్ళందరికీ అలాగే చెప్పింది.

అందుకే ఇప్పుడు ఆమెకు అన్నం సయించడం లేదు. ఆయన భోంచేస్తుంటే ముద్ద ముద్దనూ చూసేది. ఉప్పు తగ్గించింది. ఆయన పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

"నేనింక బతికే ఉన్ననే. పొద్దున్నే నా ముక్కు పిసికి సంపేటట్టున్నవ్," అన్నాడు వెంకటేశ్వర్లు ఒకరోజు ఉలిక్కిపడి లేచి.

"దవాఖానకు పోదమండీ."

"నాకేం రోగం? త్రిపురారం లోడు వస్తే కాంటా దగ్గర పొద్దంత నిలబడ్డ. నేనేమన్న ఎగపోస్తున్ననా?"

"తల్పు అంటున్నది గద."

ఆయన చొక్కా వేసుకున్నాడు. తలుపు మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

సూర్యాపేటలో గుండె డాక్టరు గీతాంజలి క్లినిక్ పై అంతస్తులో ఉంది. ఆ పూట లిఫ్టు పనిచేయలేదు. వెంకటేశ్వర్లు ముందు మెట్లెక్కి పోయి పైన నిలబడి పిలుస్తున్నాడు. సుమిత్ర రెండు మెట్లకొకసారి గోడ పట్టుకుని ఆగుతూ, ఆయన రిపోర్టుల సంచీ రొమ్ముకు అదుముకుని ఎక్కింది. ఎక్కుతూ కూడా వాసవీమాతకు మొక్కుతూనే ఉంది. నా పసుపు కుంకుమలు నిలబెట్టు తల్లీ, ఇంకేం అడగను.

ఆయనకు ఈసీజీ తీశారు, స్కానింగు చేశారు, పరుగెత్తే పట్టా మీద నడిపించారు. డాక్టరు కాగితాలన్నీ చూసి అద్దాలు తీసింది.

"సార్ గుండె మంచిగుంది. ఇంకో ఇరవై ఏండ్లు కాంటా దగ్గర నిలబడొచ్చు."

"మరి తల్పు? ఒక రెక్క ఆలస్యంగొస్తున్నది గద," అంది సుమిత్ర.

"తలుపు ఏ రెక్క ఆలస్యమైతుంది?"

"ఎడమ రెక్కమ్మా. పోయిన వానకాలం సంది."

డాక్టరు దాన్ని బీపీకీ షుగరుకూ మధ్య రాసుకుంది. రాస్తూ రాస్తూ చెయ్యి ఆపి, తలెత్తి సుమిత్ర వైపు చూసింది.

"అమ్మా, మీరు వచ్చి గంట దాటింది. ఇంకా ఎగపోస్తున్నరు."

"మెట్లెక్కిన గద బిడ్డా. ఒళ్ళు బరువు."

"పడుకునేటప్పుడు తల కింద మెత్తలు ఎన్ని పెట్టుకుంటరు?"

సుమిత్ర సిగ్గుపడింది. "గోడకానుకొని కూసుంటేనే నిద్ర పడ్తది. ఆయనను కనిపెట్టుకొని ఉండాలె గదా అని..."

డాక్టరు వంగి ఆమె పాదాలు చూసింది. కాళ్ళు ఉబ్బి మెట్టెలు వేళ్ళలోకి దిగబడి ఉన్నాయి. కొన్ని నెలల కింద నిత్య చూసి, "అత్తయ్యా, మెట్టెలు ఎంత బిగుసుకుపోయాయో చూశారా? కంసాలి దగ్గర వదులు చేయిద్దాం," అంటే, "ముసలికాళ్ళకు నీరు రాదా," అని కొట్టిపారేసింది తనే. డాక్టరు చూపుడు వేలితో చీలమండ పైన నొక్కితే అక్కడ చిన్న గుంట పడి అలాగే ఉండిపోయింది.

"సార్, మీరు లేవండి. అమ్మా, మీరు ఆ మంచం మీద పడుకోండి."

వెంకటేశ్వర్లు చొక్కా గుండీలు పెట్టుకుంటూ నిలబడిపోయాడు. ఒక గుండీ తప్పి వేసుకున్నాడు.

తర్వాత డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లగా చెప్పింది. "గుండెల కింద రెండు గదులుంటయమ్మా. రెండూ ఒక్కసారే ముడుచుకుంటే నెత్తురు జోరుగ బయటికి పోతది. మీకు ఎడమ గదికి పోయే కరెంటు దారి చెడింది. కుడిది ముడుచుకున్నంక ఎడమది తీరిగ్గ ముడుచుకుంటున్నది. మీ మిల్లుల ఇద్దరు హమాలీలు బస్తా ఎత్తుతరు చూడండి. ఒకాయన ఎత్తినంక రెండో ఆయన చెయ్యేస్తే ఏమైతది?"

"నడుం పోతది," అన్నాడు వెంకటేశ్వర్లు.

"అమ్మ గుండె నడుం అట్లనే పోతున్నది. సాగిపోయింది. తలుపు మీది కాదు సార్, అమ్మది."

తిరిగి వచ్చేటప్పుడు కారులో సుమిత్ర కాలువ వెంట వరిచేలను చూస్తూ కూర్చుంది. ఆయన ఏదో మాట్లాడుతున్నాడు. ఆమెకు అత్తగారు కనబడుతోంది. తలుపు తడబడుతోందని మామగారిని హాలియా నుంచి హైదరాబాదు దాకా వైద్యుల దగ్గరికి తిప్పిన ఆ ఏడాదంతా, టిఫిన్ క్యారేజీ మోసుకుంటూ వెనకాల నడిచిన వీరమ్మ. "మీరు నడవండి, నేనొస్త," అంటూ ప్రతి అరుగు మీదా కూర్చుండిపోయిన వీరమ్మ. ఉబ్బిన కాళ్ళు. గోడకానుకుని నిద్ర. మామగారికి ఏ వైద్యుడూ ఏ జబ్బూ చూపలేదు. ఆయన పెళ్ళాం మీది దిగులుతో పోయాడు. తలుపు ఆగింది వీరమ్మ కోసమే. తలుపు సంవత్సరం పొడుగునా చెప్పింది, ఇంట్లో ఒక్కరూ ఆమె వైపు తిరిగి చూడలేదు.

"ఏమైందే? ఏడుస్తున్నవా?" అన్నాడు వెంకటేశ్వర్లు.

"అత్తమ్మ యాదికొచ్చింది," అని మాత్రం అంది.

భర్త కోసం భయపడడం ఆమెకు వచ్చు. దానికి మొక్కులున్నాయి, ఉపవాసాలున్నాయి, శుక్రవారం కుంకుమార్చనలున్నాయి. తన కోసం భయపడడం ఎట్లాగో ఎవరూ నేర్పలేదు. పొద్దున దీపం పెట్టి తలుపు వేశాక కుడిరెక్క వచ్చేది. ఎడమరెక్క వచ్చేలోపు ఉండే ఆ సందులో ఆమె ఊపిరి బిగబట్టి నిలబడేది. ఈసారి రాదేమో. వచ్చేది. మళ్ళీ ఈసారి రాదేమో.

డాక్టరు మూడు నెలలు మందులు వాడమంది. ఉప్పు బంద్. ఆవకాయ తొక్కు బంద్. తాగే నీళ్ళు కూడా కొలతే. నీరు తగ్గి మెట్టెలు వదులయ్యాయి కానీ మళ్ళీ స్కానింగులో గుండె అట్లాగే ఉంది. అప్పుడు చెప్పింది గీతాంజలి, చిన్న డబ్బా ఒకటి ఎడమ మెడ ఎముక కింద చర్మం లోపల పెడతారని. దాని నుంచి మూడు తీగలు గుండెకు పోతాయి. రెండు గదులనూ ఒక్కసారే తట్టి లేపుతుంది. హైదరాబాదులో పెట్టించుకుని రావాలి, తర్వాత చూసుకునేది తనే.

"ఇది అందరికీ ఒక్కతీరుగ పనిచెయ్యదమ్మా. చానామందికి చేస్తది. మీకు చేస్తదని నా నమ్మకం. ఇంకోమాట, మిల్లుల వడ్లల్ల మొలలు ఏరే పెద్ద అయస్కాంతం దగ్గరికి మాత్రం పోవద్దు."

"నన్ను ఏనాడు మిల్లు లోపలికి రానిచ్చిండ్రు గనుక," అంది సుమిత్ర. చాలా రోజులకు అందరూ నవ్వారు. నవ్వు ఆగాక కూడా ఆమె చెంగును వేలికి చుట్టుకుంటూనే ఉందని వెంట వచ్చిన నిత్య ఒక్కతే చూసింది.

ప్రయాణం ముందు నిత్య బట్టలు సర్దుతుంటే సుమిత్ర గుమ్మం పట్టుకుని అడిగింది. "డబ్బా కొడితే కొట్టుకునే గుండెను అమ్మవారి తల్పు నాదనుకుంటదా బిడ్డా?"

నిత్యది కోదాడ. మాటలో ఆ మెత్తదనం ఉంటుంది. "కళ్ళజోడు పెట్టుకున్నప్పటి నుంచి మీ చూపు మీది కాకుండా పోయిందా అత్తయ్యా?"

"నీకు అన్నిట్ల యెటకారమే."

"నాకూ భయంగానే ఉంది," అంది నిత్య, చీర మడత పెడుతూనే. "ఎటకారం లేకపోతే ఏడుపొస్తుంది."

ఆ ఇంట్లో దీపం తప్పకూడదు. అందుకని నిత్య ఇంట్లోనే ఉండిపోయింది. వెంకటేశ్వర్లూ నగేషూ సుమిత్రను హైదరాబాదు తీసుకుపోయారు. ఆసుపత్రిలో మంగళసూత్రం తీయమన్నారు. సుమిత్ర తీయకముందే సంచీలోంచి పసుపుకొమ్ము కట్టిన దారం తీసి కుడి మణికట్టుకు కట్టించుకుంది. బల్ల మీద మత్తు పూర్తిగా ఇవ్వలేదు. మాటలు వినబడుతూనే ఉన్నాయి. నరం సన్నగా ఉందని, ఎడమ తీగ దారి దొరకడం లేదని ఎవరో అంటున్నారు. దొరికిన చోట కరెంటు ఇస్తే ఆమె పొట్ట ఎక్కిళ్ళు వచ్చినట్టు ఎగిరెగిరి పడింది. తీగ వెనక్కి లాగి ఇంకోచోట పెట్టారు. చల్లని గదిలో ఆమె అందరి పేర్లూ అమ్మవారికి అప్పజెబుతూ పోయింది. చివర ఆగింది. సుమిత్ర, అంది. మొదటిసారి.

బయటికి తీసుకొచ్చేసరికి నిత్య ఫోన్ వచ్చింది. "అత్తయ్యా, తలుపు ఎంత బాగా కొట్టుకుంటోందో! రెండు రెక్కలూ ఒక్కసారే వస్తున్నాయి. గొళ్లెం వేశాను, పడింది!" వెంకటేశ్వర్లు కండువా నోటికడ్డం పెట్టుకుని వరండా చివరికి పోయి నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక ఎడమ చెయ్యి పైకెత్తవద్దన్నారు. దీపం నిత్యే పెడుతోంది. తలుపు చక్కగా, చురుగ్గా కొట్టుకుంటోంది. చూడడానికి వచ్చినవాళ్ళు తలుపు చూసి, "ఇగ నీకు ఢోకా లేదక్కా," అని పండ్లు పెట్టి పోతున్నారు.

సుమిత్రకు మాత్రం ఊపిరి అందడం లేదు. పెరట్లోకి పోయి వస్తే గుండెల్లో ఇసుక పోసినట్టుంటుంది. మళ్ళీ గోడకానుకునే నిద్ర. చెప్పడానికి మొహం చెల్లలేదు. తలుపు మంచిగుంటే మనిషికేమైంది? భయమే అయి ఉంటుంది. ఇంత చేయించిన మొగుడితో, ఇంకా బాగలేదని ఏ నోటితో చెప్తుంది? చెంగుతో నోరు మూసుకుని ఎగపోసేది. మెట్టెలు మళ్ళీ బిగిశాయి.

ఒక పొద్దున నిత్య తలకు స్నానం చేయకుండా వంటింటి బయటే నిలబడి, "అత్తయ్యా, ఇవాళ నేను దేవుడి గదికి దూరం," అంది. సుమిత్ర సరేనని లేచి, కుడిచేత్తోనే నూనె పోసి, కుడిచేత్తోనే దీపం వెలిగించి, గడప దాటి తలుపు దగ్గరికి వేసింది.

కుడిరెక్క వచ్చింది. సందు. ఎడమరెక్క వచ్చింది.

గంటలు రెండుసార్లు మోగాయి. హాల్లో పేపరు చదువుతున్న వెంకటేశ్వర్లు పేపరు దించాడు. దూరంగా నిలబడ్డ నిత్య చెయ్యి తన గుండె మీద వేసుకుంది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"అత్తయ్యా... ఇన్నాళ్ళూ కొట్టుకున్నది నాది," అంది మెల్లగా. "దీపం ఎవరు పెడితే వాళ్ళది అది. నేను ఫోన్‌లో చెప్పిందంతా నా గుండె గురించే."

వెంకటేశ్వర్లు పెళ్ళాం పాదాల వంక చూశాడు. ఇంట్లో ఆ పాదాలను ఆయన ఎప్పుడు చూశాడో ఆయనకే గుర్తులేదు. "ఎన్నొద్దుల సంది సుమిత్రా?"

"వచ్చినప్పటి సందే."

"చెప్పద్దా?"

"తల్పు మంచిగున్నదంటిరి గద అందరు."

ఆయన చెప్పులు వేసుకుంటూనే డాక్టరుకు ఫోన్ చేశాడు. మళ్ళీ చూడవలసిన గడువు ఇంకా చాలా ఉంది, హైదరాబాదు కాగితాలన్నీ బాగానే ఉన్నాయి అంది ఆమె. "కాగితాలు సరే మేడమ్, తల్పు రెండుసార్లు మోగింది," అన్నాడు. "అయితే వెంటనే రండి," అంది గీతాంజలి.

వెలిగించిన దీపం కొండెక్కకుండా కుంది నిండా నూనె పోసి బయలుదేరింది సుమిత్ర. దారంతా ఆమె తలుపును తలుచుకోవద్దనుకుంటూ తలుపునే తలుచుకుంది. ఆ సందు పెరిగి పెరిగి, రెక్కలు విడివడి, మధ్యలోంచి దీపం కనబడుతూ ఆగిపోతే? క్లినిక్ మెట్లు ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కించాడు.

డాక్టరు ఆమె డబ్బా మీద చిన్న గుండ్రటి పరికరం ఆనించి, కంప్యూటరు తెరిచింది. "తీగలు వాటి జాగాలోనే ఉన్నయ్. రెండు దిక్కులా ఒక్కసారే తడుతున్నది. కానీ మీ ఎడమ దిక్కు మొద్దునిద్రమ్మా, తట్టినా జర ఆగి లేస్తున్నది. దాన్ని ముందుగాల లేపాలె. ఎంత ముందు అనేది..." తెర వైపు చూసి, వెంకటేశ్వర్లు వైపు తిరిగింది. "ఇంట్ల ఎవరున్నరు? వీడియో కాల్ చెయ్యండి."

నిత్య హాల్లో, తలుపుకు తగలనంత దూరంలో నిలబడి ఫోన్ పట్టుకుంది. చిన్న తెరలో టేకు రెక్కలు, ఇత్తడి గంటలు. సుమిత్ర మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుంది. చూడలేదు. వింది.

గల్లు. గల్లు.

"ఎడమది కొంచెం ముందుకు జరుపుతున్న. ఇప్పుడు?"

"ఇంకా రెండు చప్పుళ్ళు వస్తున్నాయి మేడమ్."

"ఇప్పుడు?"

"దగ్గరికొచ్చాయి... అయ్యో, ఇప్పుడు కుడిది వెనకబడింది."

"ఎక్కువైంది. రవ్వంత వెనక్కి." మీట నొక్కిన చప్పుడు. "ఇప్పుడు?"

గల్లు.

ఆ తర్వాత ఏమీ లేదు.

ఫోన్ లోంచి గాలి కదిలిన చప్పుడు కూడా రాలేదు. సుమిత్ర కళ్ళు తెరవలేదు. ఆమెకు పొయ్యి దగ్గర ఒరిగిన పాలగిన్నె కనబడింది. నేల మీద పారుతున్న పాలు, ఆగిపోయిన తలుపు, దాని సందులో దీపం. అయిపోయిందనుకుంది. ఆసుపత్రిలో కట్టుకున్న పసుపు దారం ఇంకా ఉన్నట్టు మణికట్టు తడుముకుంటే వెంకటేశ్వర్లు వేళ్ళు దొరికాయి. అవీ చల్లగా ఉన్నాయి.

"నిత్యా," అన్నాడాయన. "బిడ్డా, ఏమైందే?"

"మామయ్యగారూ..." నిత్య గొంతు పైకి లేచింది. "ఆగలేదు! తలుపు ఆగలేదు, గొళ్లెం పడింది. ఎవరూ వేయలేదు, దానంతట అదే కొండీలో పడింది. గంటలు ఆడుతున్నాయి. ఉండండి, వినిపిస్తాను."

ఫోన్ దగ్గరికి పోయింది. వినీ వినబడనట్టు, సన్నగా, ఒక్కటిగా. కాపురానికి వచ్చిన కొత్తలో విన్న చప్పుడు.

సుమిత్ర ఊపిరి తీసుకుంది. అది లోపలికి పోయింది. ఇసుక అడ్డం రాలేదు. నమ్మలేక ఇంకోసారి తీసుకుంది.

"దీపం ఉన్నదా బిడ్డా?"

"గొళ్లెం పడిపోయిందిగా అత్తయ్యా, లోపల కనబడడం లేదు. సాయంత్రం నూనె ఎవరు పోస్తారు? నేను గొళ్లెం ముట్టుకోకూడదు. పక్కింటి సాలమ్మగారిని పిలవనా?"

"ఎవ్వర్ని పిలువకు," అంది సుమిత్ర, ఆయన చేయి వదిలి, మంచం దిగి చెప్పుల కోసం చూసుకుంటూ. "నేనొచ్చి తీస్త."